నా ఇష్టపూర్వకంగా

కొన్నేళ్లుగా నా సంపాదనలో ఒక చిన్న భాగం అనువాదాల నుంచి వస్తోంది. కథలూ కవితలూ కాదు. మందుల పరీక్షల్లో పాల్గొనేవాళ్లు సంతకం పెట్టే సమ్మతి పత్రాలు, వాటికి ముందుండే సమాచార పత్రాలు. ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి. పదానికి ఇంత అని లెక్కగట్టి ఇస్తారు. అనువాదకుడి పేరు ఎక్కడా ఉండదు. ఉండాలని నేనూ ఎప్పుడూ అడగలేదు.

ఒకసారి బరువు తగ్గించే ఇంజెక్షన్ల తరగతికి చెందిన మందు పత్రం ఒకటి వచ్చింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద చేసే తొలి దశ పరీక్ష. రాగల ఇబ్బందుల జాబితా: వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం. ఐదోదాని దగ్గర నా చెయ్యి ఆగింది. ఆకలి తగ్గడం.

హైదరాబాద్‌లో నా ఆఫీసు పక్కనున్న క్లినిక్ బోర్డు మీద ఇదే మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ప్రయోజనంగా. నా దగ్గరున్న పత్రంలో అదే మాట దుష్ప్రభావంగా ఉంది. మందు అదే, పని అదే. ఎవరి ఒంట్లోకి పోతోంది అన్నదాన్ని బట్టి వరమో, ఇబ్బందో అవుతుంది. మా అమ్మ భాషలో "పిలగానికి ఆకలి సచ్చిపోయింది" అంటే ఇంట్లో జ్వరం ఉన్నట్టు. వెంటనే దావఖానకు పోవాలన్నట్టు. ఆ మాటను నేను "ఆకలి మందగించుట" అని అనువదించి, తర్వాతి లైనుకు పోయాను.

ఈ వ్యాసం ఆ లైను గురించి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఆ పత్రం చివర్లో సంతకం పైన ఉండే లైను గురించి: "ఈ పరీక్షలో నేను స్వచ్ఛందంగా, నా ఇష్టపూర్వకంగా పాల్గొంటున్నాను." ఆ వాక్యం పూర్తి నిజం కాదు. అందులో దాగి ఉన్నది కూలి పని. కూలి అని ఒప్పుకోనంతకాలం కూలీకి రావలసిన హక్కులేవీ రావు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దానికి కారణాలు.

ముందు ఈ మందుల కథ కొంచెం. మనం తిన్నాక పేగుల్లో ఊరే జీఎల్‌పీ-1 అనే హార్మోన్ దీనికి మూలం. అది ఇన్సులిన్‌ను పెంచుతుంది, కడుపు ఖాళీ అవ్వడాన్ని నెమ్మదిస్తుంది, ఇక చాలు అని మెదడుకు చెబుతుంది. 1987లో లండన్ పరిశోధకులు దీన్ని ఆరోగ్యవంతులైన వలంటీర్ల నరాల్లోకి ఎక్కించి, ఇన్సులిన్ మీద దాని ప్రభావాన్ని చూశారు. ఆకలి సంగతి తేలింది తర్వాత. 1998లో డెన్మార్క్ పరిశోధకులు 20 మంది యువకులను తీసుకున్నారు. అందరూ ఆరోగ్యవంతులు, మామూలు బరువున్నవాళ్లు. లెక్క ప్రకారం ఉదయం టిఫిన్ పెట్టి, ఒక రోజు జీఎల్‌పీ-1, ఇంకో రోజు ఉప్పునీరు ఎక్కించి, మధ్యాహ్నం ఎంత తినాలనిపిస్తే అంత తినమన్నారు. హార్మోన్ ఎక్కిన రోజు తిండి 12 శాతం తగ్గింది. ఇవాళ వేల కోట్ల వ్యాపారం నిలబడిన పునాదుల్లో ఆ మధ్యాహ్న భోజనం ఒకటి.

గమనించండి. లావు తగ్గించే మందు కథలో ఆ మలుపు దగ్గర ఉన్నది లావుగా ఉన్నవాళ్లు కాదు, సన్నగా ఉన్న కుర్రాళ్లు. ఇందులో తప్పేం లేదు. మందు ఒంట్లో ఏం చేస్తుందో తెలియాలంటే రోగం లేని ఒంట్లో చూడటం తేలిక. అందుకే తొలి దశ పరీక్షలు చాలావరకు ఆరోగ్యవంతుల మీదే జరుగుతాయి. జబ్బున్నవాళ్లు తర్వాతి దశల్లో వస్తారు. 2021లో ప్రచురించిన సెమాగ్లుటైడ్ పెద్ద పరీక్షలో 1,961 మంది ఉన్నారు. వాళ్ల సగటు బరువు 105 కిలోలు. 68 వారాల్లో మందు తీసుకున్నవాళ్లు సగటున 14.9 శాతం బరువు తగ్గారు, ఉత్తి సూది తీసుకున్నవాళ్లు 2.4 శాతం. 2022లో వచ్చిన టిర్జెపటైడ్ పరీక్షలో 2,539 మంది. అది జరిగిన తొమ్మిది దేశాల్లో మన దేశమూ ఉంది. ఎక్కువ డోసు తీసుకున్నవాళ్లు 72 వారాల్లో 20.9 శాతం తగ్గారు.

ఆ పెద్ద పరీక్షల్లో చేరినవాళ్లకు ఒక ఆశ ఉంది. మందు పనిచేస్తే తమ మోకాళ్లు, తమ గుండె బాగుపడొచ్చు. తొలి దశలో పడుకున్నవాడికి అలాంటి ఆశ ఏదీ లేదు. అతనికి జబ్బు లేదు. మందు పనిచేసినా, చేయకపోయినా అతనికి ఒరిగేది డబ్బు మాత్రమే. డబ్బు కోసం, వేరేవాళ్లు చెప్పిన చోట, వాళ్లు చెప్పిన టైముకు, వాళ్లు చెప్పినట్టు ఒంటిని అప్పజెప్పడాన్ని మన భాషలో ఏమంటారు?

మాది జమ్మికుంట దగ్గర ఊరు. పత్తి మార్కెట్ ఉన్న టౌను. కాజీపేట నుంచి బల్లార్షా పోయే లైన్ మీద స్టేషన్. ఆ స్టేషన్ మా ఊళ్లకు రెండు పనులు చేసింది. పత్తిని బయటికి పంపింది, మనుషుల్ని బయటికి పంపింది. దుబాయ్ పోయేటోళ్లు, బొంబాయి పోయేటోళ్లు, హైదరాబాద్‌లో వాచ్‌మన్లుగా పోయేటోళ్లు. మా వాడకట్టు అన్న ఒకాయన "ల్యాబ్‌కు" పోయేవాడు. నేను డిగ్రీలో ఉన్నప్పుడు ఆయన్ని అడిగితే చెప్పింది ఇది:

"ఏం లేదు తమ్మీ. రెండు దినాలు పండుకునుడే. రాత్రి తిన్నంక మల్ల పొద్దుగాల దాంక ఏం తినొద్దంటరు. చేతికి సూది పెట్టే ఉంచుతరు. గంట గంటకు నెత్తురు తీస్తరు. టీవీ ఉంటది. మంచిగనే చూస్తరు. పత్తి ఏరుడు కంటె అల్కగ ఉంటది."

"మందు దేనిదన్నా?"

"దేనిదో. షుగరుదో, బీపీదో. గదంత కాయితంల రాస్తరు."

ఆయన చెప్పింది బయో ఈక్వివలెన్స్ పరీక్ష గురించి. పేటెంట్ అయిపోయిన మందుకు ఇంకో కంపెనీ నకలు మాత్ర తయారు చేస్తే, అది అసలు మందుతో సమానంగా నెత్తుట్లోకి చేరుతుందని చూపించాలి. ఆరోగ్యవంతులకు ఒకసారి అసలుది, కొన్ని రోజుల విరామం తర్వాత నకలుది ఇస్తారు. రాత్రంతా ఉపవాసం, చేతికి కాన్యులా, పదిహేను ఇరవై సార్లు నెత్తురు. రెండు కొలతల నిష్పత్తి 80 నుంచి 125 శాతం హద్దుల్లో ఉండాలి. ప్రపంచానికి చవకగా మందులు పంపే దేశమని మనం గర్వంగా చెప్పుకుంటామే, ఆ చవకతనం వెనుక ఫ్యాక్టరీతో పాటు ఈ మంచాలు కూడా ఉన్నాయి.

2017 జూన్‌లో మా జమ్మికుంట పేరు పేపర్లకెక్కింది. మండలానికి చెందిన ఒక యువకుడు చనిపోయాడు. బెంగళూరులో మందుల పరీక్షకు పోయివచ్చాకే ఇట్లయిందని కుటుంబం చెప్పింది. అదే ప్రాంతం నుంచి పోయివచ్చిన ఇంకో యువకుడి మానసిక ఆరోగ్యం దెబ్బతిన్నదని వార్తలొచ్చాయి. పరీక్షకూ దీనికీ సంబంధం లేదన్నది అవతలివైపు మాట. రాష్ట్ర ప్రభుత్వం విచారణ అన్నది. కొన్ని రోజులు టీవీ వ్యాన్లు తిరిగాయి. ఏజెంట్లు ఎట్లా తీసుకుపోతారో, మనిషికి ఇంత అని ఎట్లా లెక్క కడతారో కథనాలు వచ్చాయి. తర్వాత వానలు పడ్డాయి, పత్తి గింజలు పెట్టారు, టీవీ వాళ్లు వెళ్లిపోయారు.

ఆ మరణానికి కారణం మందే అని నేను తీర్పు చెప్పడం లేదు. అది వైద్యులు తేల్చాల్సిన విషయం. నాకు ముఖ్యమైంది ఇంకోటి. ఆ వార్త చదివి మా ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. "ల్యాబ్‌కు పోవుడు" అప్పటికే ఒక పని. గల్ఫ్‌కు పోవుడు లాంటిదే. గల్ఫ్‌కు పంపేవాడిని ఏజెంట్ అన్నారు, ల్యాబ్‌కు పంపేవాడినీ ఏజెంటే అన్నారు. రెండు చోట్లా ముందు ఒంటిని పరీక్షిస్తారు. రెండు చోట్లా "అన్‌ఫిట్" అంటే ఇంటికి రావాల్సిందే. ఊరికి తెలిసిన ఈ సంగతి, చట్టానికీ, నేను అనువదించే పత్రానికీ మాత్రం తెలియదు. ఆ పత్రంలో ఇది సేవ.

ఇప్పుడు బరువు తగ్గించే సూదుల దగ్గరికి వద్దాం. ఇవి ఈ పాత పనిని మార్చేస్తాయి. టిర్జెపటైడ్ 2025 మార్చిలో మన మార్కెట్లోకి వచ్చింది. అప్పుడు అత్యల్ప డోసు వయల్ ఒక్కటి 3,500 రూపాయలు, వారానికొకటి. అదే ఏడాది జూన్‌లో బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ వచ్చింది. సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు మన దేశంలో 2026 మార్చితో అయిపోయింది. హైదరాబాద్ కంపెనీలతో సహా చాలా కంపెనీలు దానికి ముందే సిద్ధమయ్యాయి. సెమాగ్లుటైడ్ మాత్రగా కూడా ఉంది. దాని తర్వాత వరుసలో కొత్త కొత్త అణువులున్నాయి. ప్రతి కొత్త అణువుకూ మొదటి మనిషి ఒకడు కావాలి. ప్రతి నకలు మాత్రకూ నెత్తురిచ్చే మనుషులు కావాలి. ఆ మనుషులు జూబ్లీహిల్స్ నుంచి రారు.

ఇంకో తేడా ఉంది. మా అన్న మింగిన మాత్రల్లో చాలావరకు ఒకటి రెండు రోజుల్లో ఒంట్లోంచి పోయేవి. వారానికొక సూది అంటేనే అర్థం అది ఒంట్లో నిలబడాలని. సెమాగ్లుటైడ్ సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది. ఒక్క డోసు దాదాపు పూర్తిగా పోవడానికి 5 వారాలు. అంటే ఇలాంటి మందుకు ఒళ్లిచ్చిన మనిషి ఇంటికొచ్చినా మందు అతనితోనే రైలెక్కి వస్తుంది. జమ్మికుంటలో దిగుతుంది. అతనితో పాటే చేనుకు పోతుంది. తిండి సహించక, వికారంతో, ఎండలో పనిచేసే మనిషికి "ఆకలి మందగించుట" స్వల్ప దుష్ప్రభావం కాదు. ఆ పూట కూలి పోవడం. పత్రంలో ఆ లెక్క ఎక్కడా లేదు. పత్రం రాసినవాళ్ల ఊహలో వలంటీర్ ఏసీ గదిలో కూర్చుని పనిచేసేవాడు.

పాత జిల్లాల లెక్కన మా జిల్లా పక్కనే ఆదిలాబాద్. ఒకప్పుడు నేను పని మీద ఉట్నూరు వైపు చాలాసార్లు పోయాను. ఆ జిల్లా సంగతి ఒక ప్రభుత్వ నిర్ణయమే చెబుతుంది. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం గర్భిణులకు పోషకాహార కిట్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ముందు తొమ్మిది జిల్లాలను ఎంచుకుంది. రక్తహీనత ఎక్కువున్న జిల్లాలవి. ఆదిలాబాద్ అందులో ఉంది, కుమురం భీం ఆసిఫాబాద్ ఉంది. ఒకే రాష్ట్రంలో ఒక వైపు ఆకలి తగ్గించే సూది, ఇంకో వైపు ఒంట్లో నెత్తురు పెరగాలని కిట్లు.

ఇక్కడ ఒక చేదు సంగతి. హిమోగ్లోబిన్ తక్కువున్న మనిషిని తొలి దశ పరీక్షకు తీసుకోరు. కాబట్టి ఆదిలాబాద్ గూడెంలోని బక్క మనిషిని ల్యాబ్ గేటు దగ్గరే వెనక్కి పంపుతుంది. కరీంనగర్ పత్తి చేనులోని గట్టి మనిషిని లోపలికి తీసుకుంటుంది. పేదరికం అతన్ని గేటు దాకా తేవాలి, ఒంటిని మాత్రం ఇంకా పాడుచేసి ఉండకూడదు. ఆ సన్నటి సందులో ఉన్నవాళ్లకు మనం పెట్టిన పేరు ఆరోగ్యవంతుడైన వలంటీర్.

ఇక్కడిదాకా చదివినవాళ్లలో కొందరు ఈపాటికి అడగాలనుకుంటున్న ప్రశ్నలు నాకు తెలుసు. నా స్నేహితులు అడిగారు.

మొదటిది: పరీక్షలు లేకుండా మందులెట్లా వస్తాయి? రావు. నేను పరీక్షలకు వ్యతిరేకం కాదు. మా నాన్న మింగే బీపీ మాత్ర అట్లాంటి ఎవరో ఒకరి నెత్తురు మీదుగానే ఆయన దాకా వచ్చింది. స్థూలకాయం నిజమైన జబ్బే. దాన్ని ఒళ్లు బద్ధకం అని ఎగతాళి చేసేవాళ్లతో నాకు పొత్తు లేదు. ఈ మందులు చాలామందికి మేలు చేస్తున్నాయి. అందుకే మొదట ఒళ్లిచ్చినవాడికి మనం బాకీ ఉన్నామంటున్నాను. బాకీని దానం అని రాయించుకోవడమే తప్పు.

రెండోది: ఎవరూ బలవంతపెట్టలేదు కదా, డబ్బు తీసుకుని ఇష్టంగానే పోయారు కదా? అవును, పోయారు. మా అన్నను "అయ్యో పాపం, గినీ పిగ్" అని రాసే పేపర్ల మీద కూడా నాకు కోపమే. ఆయన తెలివిగలవాడు. పత్తి ఏరుడుకూ ల్యాబ్‌కూ లెక్క చూసుకునే పోయాడు. కాకపోతే లెక్క చూసుకుని చేసేది పని అవుతుంది. గనిలోకి దిగే సింగరేణి కార్మికుడూ ఇష్టంగానే దిగుతాడు. అంతమాత్రాన అతనికి పీఎఫ్ వద్దు, బీమా వద్దు, యూనియన్ వద్దు అనం కదా? స్వచ్ఛందం అన్న ఒక్క మాటతో ఈ మనిషికి మాత్రం అన్నీ వద్దంటున్నాం.

ఇందులో ఒక విచిత్రమైన మెలిక ఉంది. పరీక్షలో పాల్గొన్నవాడికి ఎక్కువ డబ్బిస్తే అది ప్రలోభం అవుతుందని, ప్రలోభంతో తీసుకున్న సమ్మతి సమ్మతి కాదని నైతిక నియమావళులు చెబుతాయి. ఆలోచన మంచిదే. ఆచరణలో దాని ఫలితం ఏమిటంటే తక్కువ ఇవ్వడం నీతి అయిపోయింది. పరీక్ష రూపకల్పన చేసిన శాస్త్రవేత్తకు ఎక్కువ జీతం ఇస్తే ప్రలోభం కాదు, అనువాదకుడికి ఎక్కువ ఇస్తే ప్రలోభం కాదు. చేతికి సూది గుచ్చుకున్నవాడికి ఇస్తేనే అతని బుద్ధి చెడిపోతుందట.

మూడోది: చట్టం ఉంది కదా? ఉంది. 2019 మార్చిలో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు కాగితం మీద బాగానే ఉన్నాయి. పరీక్షలో దెబ్బతిన్నవాడికి ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. బయో ఈక్వివలెన్స్ పరీక్షలకూ అది వర్తిస్తుంది. పరిహారం లెక్కకు సూత్రం ఉంది. దాని ప్రకారం 25 ఏళ్ల ఆరోగ్యవంతుడు పరీక్ష వల్ల చనిపోతే సుమారు 70 లక్షల రూపాయలు రావాలి. ఈ అంకె మా ఊళ్లో ఎవరికీ తెలియదు. నేను అనువదించిన ఒక్క పత్రంలోనూ ఈ అంకె లేదు. "వర్తించే నియమాల మేరకు పరిహారం చెల్లించబడును" అని ఉంటుంది. నేనే రాశాను ఆ వాక్యాన్ని, ఎన్నిసార్లో.

ఇంకోటి. సమ్మతి తీసుకోవడాన్ని వీడియో తీయాలని 2013 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. తర్వాత ఆ నిబంధన కుదించుకుపోయింది. ఇప్పుడున్న నియమాల్లో వీడియో తప్పనిసరి అయింది కొత్త అణువుల పరీక్షల్లో, అదీ బలహీన స్థితిలో ఉన్నవాళ్ల విషయంలో. పాత మందు నకలు మాత్ర మింగే జమ్మికుంట మనిషి దాని కిందికి రాడు. ఏజెంట్ వెంట రైలెక్కి, భాష తెలియని నగరానికి పోయి, తెల్లారేసరికి పైసలతో తిరిగి రావాల్సిన మనిషి బలహీన స్థితిలో లేడని చట్టం అనుకుంటోంది.

వేరే దేశాల్లో ప్రమాదాలు జరగలేదా అంటే జరిగాయి. 2006 మార్చిలో లండన్‌లో టీజీఎన్1412 అనే మందును మొదటిసారి మనుషులకిచ్చారు. పది నిమిషాల తేడాతో ఒకరి తర్వాత ఒకరికి ఎక్కించారు. మందు తీసుకున్న ఆరుగురూ అవయవాలు దెబ్బతిని ఐసీయూలో పడ్డారు. 2016 జనవరిలో ఫ్రాన్స్‌లోని రెన్‌లో ఒక తొలి దశ పరీక్షలో ఒక వలంటీర్ చనిపోయాడు. డబ్బు కోసం ఒళ్లిచ్చేవాళ్లు అక్కడా ఉన్నారు. కాకపోతే లండన్ ఆరుగురూ పడిపోయింది ఆసుపత్రి ఆవరణలోనే. ఏం జరిగిందో కొద్ది రోజుల్లోనే ప్రపంచమంతా తెలిసింది. ఆ తర్వాత మొదటి మనిషికిచ్చి, ఆగి, చూసి, అప్పుడే రెండో మనిషికివ్వాలన్న పద్ధతి గట్టిపడింది. ఒక ప్రమాదం ఒక నియమాన్ని పుట్టించింది.

మన దగ్గర ప్రమాదాలు వార్తల్నే పుట్టించాయి. 2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల గిరిజన, పేద ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా అధ్యయనం పేరుతో సూదులు వేశారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. కొందరు పిల్లల మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది, ఆ టీకా మంచిదే కూడా. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. 2011లో పిడుగురాళ్ల పేద మహిళలను హైదరాబాద్ తీసుకొచ్చి మందుల పరీక్షలు చేశారని గొడవ. ఆ సంస్థ అనుమతిని కొన్నాళ్లు నిలిపేశారు. 2017లో జమ్మికుంట. ప్రతిసారీ అదే వరుస: పేద ఊరు, ఏజెంటో వార్డెనో, అర్థంకాని కాగితం, సంతకం. ప్రతిసారీ మనకు అదే ఆశ్చర్యం.

ఆ కాగితం సంగతి నాకు లోపలినుంచి తెలుసు కాబట్టి చెప్తాను. సమ్మతి పత్రం తెలుగు సరిగ్గా ఉందో లేదో ఎట్లా చూస్తారో తెలుసా? నా తెలుగును ఇంకో అనువాదకుడు తిరిగి ఇంగ్లిష్‌లోకి మారుస్తాడు. ఆ ఇంగ్లిష్ మొదటి ఇంగ్లిష్‌తో సరిపోతే నా తెలుగు పాస్. అంటే నా తెలుగు ఇంగ్లిష్ దాకా తిరిగి పోగలదా అన్నదే పరీక్ష. జమ్మికుంట దాకా పోగలదా అని ఎవరూ చూడరు. "ప్రతికూల సంఘటన", "యాదృచ్ఛికీకరణ", "ఫార్మకోకైనెటిక్ నమూనా సేకరణ" లాంటివి చక్కగా పాసవుతాయి. ఒకసారి "మీ నెత్తురు" అని రాస్తే "మీ రక్త నమూనా" అని దిద్దమన్నారు. దిద్దాను. "ఆకలి సచ్చిపోవచ్చు" అని రాస్తే ఏమనేవాళ్లో ఊహించగలను.

అదే పత్రంలో పాల్గొనే మనిషి వివరాల కోసం గళ్లుంటాయి. పుట్టిన తేదీ, చదువు, ఏడాది ఆదాయం, నామినీ పేరు. వృత్తి దగ్గర ఇచ్చిన ఎంపికలు: విద్యార్థి, స్వయం ఉపాధి, ఉద్యోగం, గృహిణి, ఇతరములు. కూలీ అని గడి లేదు. ఎవరి ఒంటి మీద ఇదంతా నడుస్తోందో వాళ్లు "ఇతరములు". ఒకసారి, ధైర్యం చేసి, "రోజు కూలీ" అని ఒక గడి చేర్చొచ్చా అని నాకు పని ఇచ్చే ఏజెన్సీకి మెయిల్ పెట్టాను. మూలంలో లేనిది చేర్చవద్దు అని జవాబొచ్చింది. అనువాద సూత్రంగా అది సరైనదే. అందుకే నాకు కోపమొచ్చింది.

కిందటి సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నేను అనువదించిన పాత పత్రం ఒకటి, మందు పేరు, కంపెనీ పేరు తీసేసి, మా అన్నకు చూపించాను. ఇప్పుడాయన ల్యాబ్‌కు పోవడం లేదు, వయసు దాటింది. 14 పేజీలు. మూడో పేజీ దగ్గర ఆపేశాడు.

"గిదంత సదువుకుంట కూసుంటె ఎట్ల తమ్మీ. అక్కడ లైన్ల నిలబెడ్తరు. ముందటోడు సంతకం పెడ్తె మనం పెట్టుడే."

కాసేపాగి, "గిది నువ్వే రాసినవా?" అన్నాడు. అవునన్నాను. "మంచిగున్నది, పేపర్ల రాసినట్టున్నది," అన్నాడు. ఆయన మెచ్చుకున్నాడు. నాకు తల ఎత్తాలనిపించలేదు.

కాబట్టి నాకు కావలసినవి చెప్తాను, దాపరికం లేకుండా. తొలి దశ, బయో ఈక్వివలెన్స్ పరీక్షల్లో పాల్గొనడాన్ని పనిగా గుర్తించాలి. కాగితం మీద పని ఇచ్చేవాడి పేరుండాలి, ఏజెంట్ పేరు కూడా ఉండాలి. పరిహారం అంకె రూపాయల్లో మొదటి పేజీ మీద ఉండాలి. మందు ఒంట్లో ఎన్ని రోజులుంటుందో అన్ని రోజులకూ కూలి నష్టం కట్టివ్వాలి. రెండు దినాలు పండుకున్నందుకు రెండు దినాల పైసలిచ్చి, 5 వారాలు ఒంట్లో ఉండే మందును ఇంటికి పంపితే కుదరదు. అతని ఊరికి దగ్గరున్న ప్రభుత్వ ఆసుపత్రికి ముందే సమాచారం ఇవ్వాలి. మనిషి వికారంతో జమ్మికుంట దావఖానకు పోతే అక్కడి డాక్టర్‌కు అతని ఒంట్లో ఏముందో తెలియాలి. ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ మధ్య విరామం నిజంగా పాటించేలా అన్ని ల్యాబ్‌లకూ చట్టబద్ధమైన ఒకే రిజిస్టర్ ఉండాలి. ఫ్రాన్స్‌లో అలాంటిది జాతీయ స్థాయిలో ఉంది. వీడియో సమ్మతి ప్రతి వలంటీర్‌కూ ఉండాలి. సమ్మతి పత్రాన్ని పదో తరగతి చదివిన మనిషి చదివి, తన మాటల్లో తిరిగి చెప్పగలిగాకే పాస్ చేయాలి.

దీనికి ఖర్చవుతుందంటారు. అవుతుంది. ఆ ఖర్చు కలిపినదే మందు అసలు ధర. ఇప్పటిదాకా మా ఊరు దాంట్లో కొంత భరిస్తూ వచ్చింది.

చివరిగా మన గురించి, అంటే ఇలాంటి పత్రికలు చదివే మన గురించి. గల్ఫ్ వలస మీద మనకు కథలున్నాయి, పాటలున్నాయి. నేత కార్మికుల మీద, పత్తి రైతు మీద, బొగ్గు గని మీద ఉన్నాయి. ల్యాబ్ మంచం మీద మీరు ఎన్ని చదివారు? బరువు గురించి, ఒంటి గురించి, ఒంటిని చూసి సిగ్గుపడటం గురించి మనం ఇప్పుడు బాగా రాస్తున్నాం. అవసరమే. కానీ మన ఒంటి గురించిన మాటల్లో, ఆ సూదిని మనకంటే ముందు ఒంట్లోకి తీసుకున్నవాడి ఒళ్లు లేదు. అతను వికారాన్ని ఎట్లా ఓర్చుకున్నాడు, ఇంట్లో ఏం చెప్పాడు, పైసలు దేనికి ఖర్చుపెట్టాడు అని ఎవరూ అడగలేదు.

నా వంతుగా నేను చేస్తున్నది చిన్నదే. ఇక మీదట నాకొచ్చే ప్రతి పత్రంతో పాటు ఒక పేజీ అదనంగా పంపుతున్నాను, జమ్మికుంట తెలుగులో. మందు ఏం చేస్తుంది, ఎన్ని రోజులుంటుంది, చస్తే ఎంత రావాలి, ఎవరిని అడగాలి. దానికి డబ్బులు అడగను. అది స్వచ్ఛందంగా, నా ఇష్టపూర్వకంగా చేస్తున్న పని. మూలంలో లేదు కాబట్టి వాళ్లు తీసేస్తారని తెలుసు. ఎన్నిసార్లు తీసేస్తే అన్నిసార్లు పంపుతాను.